పేరు రాసిన కాగితపు లాంతరు

హైదరాబాద్
13 ఆగస్టు 2003

వదినా,

ఉత్తరం రాయలేదని నువ్వు తిట్టుకుంటూ ఉంటావు. సగం తిట్లు నాకు, సగం పోస్టుమ్యాన్‌కు పంచు. లింగాల నుంచి మన ఊరిదాకా సైకిలు తొక్కేసరికి ఆయన నా ఉత్తరం సంగతే మరిచిపోతాడు.

ఈ వారం మా యూనివర్సిటీలో తూర్పు ఆసియా భాషల వారోత్సవం. పగలు ఎం.ఏ. చరిత్ర, సాయంత్రం జపనీసు డిప్లొమా అనే నా రెండు పడవల ప్రయాణం నీకు తెలిసిందే. డిప్లొమా వాళ్లం కాబట్టి బల్లలు మోయడం, దండలు కట్టడం, మైకు మనిషిని బతిమాలడం అన్నీ మాకే వచ్చాయి. చైనా మేడం కుంచెతో అందరి పేర్లూ రాసిస్తోంది, ఆమె ముందు పెళ్లి బంతి కంటే పొడుగు లైను. కొరియా వాళ్లు క్యాబేజీతో చేసిన పచ్చడి పెట్టారు. అది మన ఆవకాయకు దూరపు చుట్టమే కానీ ముక్కు మూసుకుని పలకరించాలి. జపాన్ వాళ్ల టీలో పాలూ లేవు, చక్కెరా లేదు. గిన్నెను అటూ ఇటూ తిప్పి తాగాలి. నాన్నకు ఇస్తే "తిప్పుడు తర్వాత, ముందుగాల చక్కెరెయ్యి" అంటాడు.

ఇవాళ సాయంత్రం లాంతర్లు వెలిగించారు. మా జపనీసు టీచరు మియాకె గారిని అందరం సెన్సే అంటాం, అంటే గురువు అని. నేను వెదురు పుల్లలు తీసుకుని వెళ్లేసరికి ఆమె చెప్పాల్సింది చెప్పేసింది. అందరూ తలలు వంచుకుని తెల్ల కాగితం మీద పేర్లు రాస్తున్నారు, ఎవరి పేరో ఎవరూ ఎవరికీ చూపించడం లేదు. ఏం రాయాలని పక్క అమ్మాయిని అడిగితే, ఇంట్లోంచి వెళ్లిపోయినవాళ్లు దీపం చూసి ఇంటికి వస్తారట అంది. ఇంకెవరి పేరు రాస్తాను చెప్పు. సెన్సే దగ్గరికి వెళ్లి నాకొచ్చిన భాషలో అడిగాను, మా అన్న ఇల్లు విడిచి మూడేళ్లైంది, మేమందరం ఎదురు చూస్తున్నాం, అతని పేరు రాయవచ్చా అని. ఆమె రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని, రాయి తల్లీ అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి ఆమెకు.

శ్రవణ్ కుమార్ అని రాశాను. నువ్వు పలకవు కాబట్టి నేను రాశాను. ఓటరు లిస్టాయన వచ్చి భర్త పేరు చెప్పమంటే నువ్వు పొలంలో ఉన్న నన్ను పిలిపించావు, గుర్తుందా. పెళ్లాం నోట పేరొస్తే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని అమ్మ నీకు బాగా నూరిపోసింది.

లాంతరు మా డిపార్టుమెంటు గేటుకు వేలాడదీశాను. శనివారం వీటన్నిటినీ మా చెరువు నీళ్లలో వదులుతారట. చాలా అందంగా ఉంటుందని చెప్పారు.

నీ చదువుల ఆడబిడ్డ
గీత

•

మన ఊరు
19 ఆగస్టు 2003

గీతకు,

ఇక్కడ అందరం బాగున్నామని రాయాలి కాబట్టి రాశాను. ఇప్పుడు నిజం విను.

వానలు మొహం చాటేశాయి. జొన్న మోకాలెత్తులోనే ఎండుతోంది. మన ముందు గదిలో నా అంగన్‌వాడీ పిల్లలు ఫ్యాను లేక ఉడికిపోతున్నారు. ఆయా దేవమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇవన్నీ నీకెందుకులే, నువ్వు పచ్చళ్లతో చుట్టరికాలు కలుపుకుంటున్నావు.

అసలు సంగతి మీ నాన్న. వచ్చే నెల పెత్రమాసకు, పెద్దల అమావాస్యనాడు, మీ అన్న పేరు మీద నీళ్లు విడుస్తానని పట్టుబట్టాడు. "మూడేండ్లాయె, ఇంకెన్నాళ్లు సూడాలె. పేరు చెప్పి నీళ్లిడిస్తేనే ముడుతయి, లేకుంటే పోయినోనికి దూప తీరదు" అన్నాడు. పెద్దాయన ముందు నేనెప్పుడూ గొంతు లేపలేదు. ఆరోజు లేపాను. "ఆయన పోయిండని నువ్వు చూసినవా మామా? నేనుండగ గీ ఇంట్ల ఆయన పేరు పెద్దల్ల కలువది" అన్నాను. మీ అమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు.

నువ్వే చెప్పు గీతా. దశరథం మేస్త్రీ వెంట పనికి పోయిన జట్టంతా తిరిగొచ్చింది. మహారాష్ట్రలో ఎక్కడో రైలు ఆగితే దిగాడు, మళ్లీ ఎక్కలేదు అన్నారు. అంతేగా. దిగినవాడు ఎప్పుడో ఒకప్పుడు ఎక్కుతాడు. నేను మెట్టెలు తీయను. నువ్వు పెత్రమాసకు ముందే వచ్చి మీ నాన్నకు నచ్చజెప్పు. చదువుకున్నదానివి, నీ మాట వింటాడు.

నీ కాగితం దీపం సంగతి చదివి నవ్వుకున్నాను, కాస్త ఏడ్చాను కూడా. మంచి పని చేశావు.

ఇంకొకటి రాయాలా వద్దా అనుకుంటున్నాను. నాలుగు రోజుల నుంచి మధ్యాహ్నంపూట వంటింట్లో బిందె ఖాళీ అవుతోంది. పొద్దున నేనే బోరింగు నుంచి నింపి పెడతాను, పిల్లలకు తిండి పెట్టి వచ్చేసరికి అడుగు కనపడుతుంది. కారడం లేదు, తడి లేదు. గడపకు అడ్డంగా పడుకునే మన కుక్క, నేను కర్రతో పొడిచినా లేవనిది, మిట్టమధ్యాహ్నం తానే లేచి పక్కకు జరిగి కూర్చుంటోంది. ఎవరికో దారి ఇచ్చినట్టుంటుంది. ఎండకు నా తలే తిరుగుతోందేమో.

ఉంటాను
సుహాసిని

•

హైదరాబాద్
24 ఆగస్టు 2003

వదినా,

బిందెకు చిల్లి పడింది. కుక్క ముసలిదైంది. ఎం.ఏ. చదివిన ఆడబిడ్డ తీర్పు ఇది, ఇక నిశ్చింతగా పడుకో.

నాన్న సంగతి నేను చూసుకుంటాను. పెత్రమాసకు ముందే వస్తాను. అన్న లేడని రుజువేదీ లేకుండా నీళ్లు విడవడం ఏం న్యాయమని గట్టిగానే అడుగుతాను. నువ్వు మెట్టెలు తీయొద్దు, నేనుండగా నిన్నెవరూ తీయమనలేరు.

మా వారోత్సవం చివరి రోజు పాడైంది. శనివారం మీ దగ్గర పడని వానంతా ఇక్కడ పడింది. చెరువు దగ్గరికి వెళ్లొద్దని సెక్యూరిటీ వాళ్లు గేటు మూసేశారు. సెన్సే ఇంతగా కంగారుపడడం నేనెప్పుడూ చూడలేదు. ఈ పని సగంలో ఆపకూడదు అని పదే పదే అంటూ, నీళ్లు కాకపోతే నిప్పు అని, లాంతర్లన్నీ పోగు చేయించి మెట్ల కింద ఒక ఇనప బొచ్చెలో కాల్చింది. ఒక్కొక్కటి కాలుతుంటే వంగి దండం పెట్టింది.

నాది మాత్రం ఇవ్వలేదు. అన్న పేరు మంటలో వేయడానికి మనసొప్పలేదు. చున్నీ కింద దాచి హాస్టలుకు తెచ్చుకుని నా మంచం పైన మేకుకు తగిలించాను. నా గదిలో ఉండే వనపర్తి అమ్మాయి హెప్సిబా దాన్ని చూసి "జర అవతల పెట్టరాదు, నాకు మంచిగనిపిస్త లేదు" అంటుంది. లోపల దీపం కూడా లేదు, ఉత్త కాగితం. అయినా రోజూ నిద్ర లేవగానే అన్న పేరు కనపడుతుంటే బాగుంది.

వచ్చే నెల జపనీసు వక్తృత్వ పోటీ ఉంది. ఇల్లు అనే మాట మీద మాట్లాడాలి. నీ గురించే మాట్లాడదామనుకుంటున్నాను.

గీత

•

మన ఊరు
1 సెప్టెంబరు 2003

గీతా,

ఈ ఉత్తరం చదివి చింపెయ్. అమ్మకూ నాన్నకూ తెలియకూడదు.

మీ అన్న వచ్చాడు.

పోయిన బుధవారం మధ్యాహ్నం. అత్తా మామా చేను దగ్గర ఉన్నారు. ఊళ్లో మనిషి అలికిడి లేదు, ఎండ తెల్లగా కాస్తోంది. పిల్లలకు అన్నం పెట్టి వెనక్కి తిరిగేసరికి వాళ్లు తిన్న చోటే, చేతులు కూడా కడగకుండా, అందరూ నిద్రపోయారు. వాళ్లను జోకొట్టి పడుకోబెట్టడానికి రోజూ నేనూ దేవమ్మా ఎంత అవస్థపడతామో నీకు తెలుసు. ఆరోజు దేవమ్మ కూడా గోడకు ఆనుకుని గురక పెడుతోంది. కుక్క లేచి పక్కకు జరిగింది. తలెత్తితే వంటింట్లో బిందె పక్కన కూర్చుని ఉన్నాడు. పోయేరోజు వేసుకున్న నీలం గళ్ల చొక్కానే.

నేను అరవలేదు. ఏమనాలో తెలియక "అన్నం తింటవా" అన్నాను. "నీళ్లియ్యి" అన్నాడు. బిందె మొత్తం తాగాడు. నేను ఇంకో బిందె తెచ్చాను, అదీ తాగాడు.

ఎక్కడున్నావంటే చెప్పడు. "దారి దొర్కలే. తర్వాత గేటు కాడ దీపం కనపడ్డది, గట్లనే నడిసిన" అంటాడు. నీ గురించి అడిగాడు. "గీత రాత ఇంకా మారలే. చోటు సరిపోక చివరి రెండక్షరాలు కిందికి దించి ఇరికిచ్చింది" అని నవ్వాడు. మూడేళ్ల తర్వాత ఆ నవ్వు చూశాను.

ఆరోజు నుంచి రోజూ మధ్యాహ్నం వస్తున్నాడు. పిల్లలు లేచే ముందు వెళ్లిపోతాడు. ఎక్కడ పడుకుంటున్నావంటే మాట మారుస్తాడు. ఏదో పని కుదిరాక మామకు తనే చెబుతాడట, అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దన్నాడు. నీకు మాత్రం చెప్పాలనిపించింది. నీ దీపం తెచ్చింది ఆయన్ను. నీ రుణం ఎట్లా తీర్చుకోవాలి నేను.

మీ వదిన

•

హైదరాబాద్
6 సెప్టెంబరు 2003

వదినా,

నిన్న నీ ఉత్తరం అందగానే ఈ కాగితం తీశాను. మొదట రాసింది రాసినట్టే ఉంచుతున్నాను.

అన్న వచ్చాడా. నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఏమీ చెప్పకుండానే హెప్సిబాను పట్టుకుని గిరగిరా తిప్పేశాను. అన్నను ఎక్కడికీ పోనీయకు. తలుపుకు గొళ్లెం పెట్టు. నాకు రేపే బస్సెక్కాలని ఉంది. ముందు సెన్సేకు చెప్పి వస్తాను.

ఇక్కడిదాకా నిన్న రాసింది.

సెన్సే దగ్గరికి పరుగెత్తి, మా అన్న ఇంటికి వచ్చాడు, మీ దీపం పనిచేసింది అని చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. చేతిలో కప్పు కింద పెట్టి తలుపు వేసి వచ్చింది. నీ లాంతరు ఆరోజు నా చేతికి ఇచ్చావా అని అడిగింది. లేదన్నాను.

వదినా, ఎట్లా రాయాలో తెలియడం లేదు. అది చనిపోయినవాళ్ల పండుగ. ఓబోన్ అంటారట. మొదటిరోజు దీపం పెట్టి ఇంట్లో పోయినవాళ్లను పిలుస్తారు, చివరిరోజు నీళ్లలో దీపం వదిలి సాగనంపుతారు. ఇంట్లోంచి వెళ్లిపోయినవాళ్లు అనగానే పాలమూరు పిల్లకు ఏం తోస్తుంది. పనికి పోయినవాళ్లే తోచారు నాకు. అన్న ఇల్లు విడిచి మూడేళ్లైంది అంటే సెన్సే చనిపోయాడనే అర్థం చేసుకుంది. ఆమె తప్పూ లేదు, నా తప్పూ లేదు. కానీ నేను పిలిచాను, సాగనంపలేదు.

అతను తింటున్నాడా అని అడిగింది సెన్సే. ఎండలో ఎదురుగా నిలబడితే కళ్లు చిట్లిస్తున్నాడా అని అడిగింది. నాకు కోపం వచ్చి, మా అన్న నిక్షేపంగా ఉన్నాడు అనేసి వచ్చాను. గదికి వచ్చాక లాంతరు చూశాను. చివరి రెండక్షరాలు కిందికి దించి ఇరికించే రాశాను. ఆ సంగతి నీకు రాయలేదు కదా. నా పాత ఉత్తరం ఉంటే తీసి చూడు, రాశానేమో. రాశానని చెప్పు వదినా.

నువ్వొక్కసారి అన్నను అమ్మకు చూపించు. అమ్మ చూస్తే చాలు, నా భయమంతా పోతుంది.

గీత

•

మన ఊరు
12 సెప్టెంబరు 2003

గీతకు,

నీ పాత ఉత్తరం తీసి చూశాను. అక్షరాల సంగతి అందులో లేదు. ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి. చిన్నప్పటి నుంచి నీ రాత చూసినవాడు, ఊహించి అని ఉంటాడు.

మొగుడు ఇంటికొచ్చిన ఆడదాన్ని పట్టుకుని ఆయన తింటున్నాడా అని అడిగేంత చదువు చదివావు నువ్వు. తినడు. ఎండలకు ఆకలి చచ్చిపోయిందంటాడు. పళ్లెంలో పెడితే ముందు పెట్టుకుని చూస్తూ కూర్చుంటాడు, తర్వాత అది నేను తింటాను. నిజం దాచడం ఎందుకు, ఆ అన్నంలో ఉప్పు తెలియదు. కారం తెలియదు. మట్టి నమిలినట్టుంటుంది. అయినా తింటాను. ఆయన ఎదురుగా కూర్చుని ఉంటే నాకు అదే చాలు. మూడేళ్లు ఉప్పూ కారం వేసుకుని ఒక్కదాన్నే తిన్నాను, ఏం రుచి చూశానని.

అమ్మకు చూపించమన్నావు. ఒకరోజు అత్త కొడవలి మరిచిపోయి మధ్యలోనే ఇంటికి వచ్చింది. ఆయన ఎదురుగానే ఉన్నాడు. అత్త ఆయన పక్కనుంచే వెళ్లి, చూరులోంచి కొడవలి తీసుకుని, "ఇల్లంత గింత సల్లగుందేంది" అని వెళ్లిపోయింది. ఆమెకు చత్వారం. ఆయన తల వంచుకుని ఉండిపోయాడు. నాకు ఎంత దుఃఖం వచ్చిందో చెప్పలేను.

ఇప్పుడు అసలు మాట విను. పని కుదిరింది. గద్వాల వైపు పత్తి విత్తనాల చేలల్లో పువ్వులు గిల్లే పని. అక్కడ జోడీ ఉంటేనే తీసుకుంటారు, మొగుడూ పెళ్లాం ఇద్దరూ కలిసి వస్తేనే లెక్కలో రాసుకుంటారని నీకు తెలుసు. "నువ్వు లేకుంటే నన్ను రానియ్యరు. నువ్వొస్తెనే పోత" అన్నాడు. పెత్రమాసనాడు మామ నీళ్లు విడవకముందే పొద్దున బయలుదేరుదామన్నాడు. నేను సరేనన్నాను. గద్వాలలో ఏ ఊరు, ఎవరి చేను అంటే మాత్రం "దూరమే, నడిసి పోవచ్చు" అంటాడు.

సెంటరు తాళం దేవమ్మకు ఇస్తాను. అత్తామామలకు తర్వాత నువ్వే నచ్చజెప్పాలి. నా ఒళ్లు ఈమధ్య బాగా చల్లబడుతోంది, ఎండలో నిలబడినా చెమట పట్టడం లేదు. దేవమ్మ నా చెయ్యి పట్టుకుని భయపడింది. అదేం కాదు, నిద్ర చాలడం లేదు అంతే.

కోపం పెట్టుకోకు. నువ్వే పిలిచావు ఆయన్ను. ఇప్పుడు నువ్వే వద్దంటే ఎట్లా.

సుహాసిని

•

హైదరాబాద్
18 సెప్టెంబరు 2003

వదినా, వదినా,

దండం పెడతాను, వెళ్లొద్దు.

నాకు వారం నుంచి జ్వరం. యూనివర్సిటీ దవాఖానాలో మంచం మీద పడుకుని రాస్తున్నాను. లేచి నిలబడితే పడిపోతున్నాను, డాక్టరు బస్సెక్కనివ్వనంటోంది. లేకపోతే ఈపాటికి నీ గడపలో కూర్చుని ఉండేదాన్ని. మన ఊళ్లో భీమన్న కిరాణా కొట్టుకు ఫోన్ చేయించాను. నాన్నను పిలవమంటే చేనుకు వెళ్లాడన్నాడు. వదిన ఎలా ఉందంటే "మంచిగనే ఉంది. పగటిపూట ఇంట్ల ఎవ్వరితోనో మాట్లాడుతుంటది, పిల్లలకు కథలు చెప్తుండొచ్చు" అన్నాడు. పెత్రమాసనాడు వదినను ఊరు దాటనీయొద్దని నాన్నకు చెప్పమన్నాను. భీమన్న నవ్వి, "గామె ఏడికి పోతది పిచ్చిదానా" అన్నాడు.

సెన్సే రోజూ వచ్చి కూర్చుంటోంది. పేరు రాసిన చేత్తోనే సాగనంపాలి అంటోంది. లాంతరు తెచ్చి నా దిండు పక్కన పెట్టింది, అగ్గిపెట్టె కూడా పెట్టింది. బలవంతం చేయలేదు. ఆమె వెళ్లాక నేను రెండుసార్లు పుల్ల గీశాను. రెండుసార్లూ ఊదేశాను. కాగితం అంటుకుంటే అన్న నిజంగా లేనట్టే కదా వదినా. నన్ను భుజాల మీద ఎక్కించుకుని లింగాల జాతరకు తీసుకువెళ్లినవాడిని, లేడు అని నేను ఎట్లా అనాలి. కాల్చకపోతే నిన్ను తీసుకువెళ్లిపోతాడు. ఆ చేను గద్వాలలో లేదు. నీకు కూడా తెలుసు. తెలిసే సరేనన్నావు, అదే నాకు ఎక్కువ భయం.

నాకు అన్న కావాలి. నువ్వు కూడా కావాలి. ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమంటే నాకు చేతకావడం లేదు. నువ్వు ఒక్క మాట రాయి, కాల్చమని. నువ్వు అంటే కాలుస్తాను. నీ ఉత్తరం వచ్చేదాకా ఆ అగ్గిపెట్టె ముట్టుకోను, నువ్వు ఆ గడప దాటొద్దు.

గీత

•

మన ఊరు
27 సెప్టెంబరు 2003

గీతా,

జ్వరం తగ్గిందా. భీమన్న ఫోన్ చేసినప్పుడు నువ్వు నిద్రలో ఉన్నావట, నువ్వు గంజి తాగుతున్నావని నీ గది అమ్మాయి చెప్పింది. గంజిలో కాస్త నిమ్మకాయ పిండుకో.

నీ ఉత్తరం పెత్రమాస ముందురోజు అందింది. చదివాను. అయినా మూట కట్టుకున్నాను. నీకు అబద్ధం చెప్పను.

పొద్దున మామ అయ్యగారిని పిలుచుకురావడానికి వెళ్లాడు. అత్త పొయ్యి మీద పప్పు పెట్టి, సాయంత్రం బతుకమ్మకు పూలు తెంపడానికి పెరట్లోకి వెళ్లింది. ఆయన మొదటిసారి పొద్దున్నే వచ్చాడు. గోడవతల నిలబడి "పోదమా" అన్నాడు. కుక్క లేచి నాకు కూడా దారి ఇచ్చింది.

జొన్న చేల గట్టు మీద ముందు ఆయన, వెనక నేను. ఎదురుగా మన పక్క చేను పెద్దన్న ఎద్దులను తోలుకుంటూ వచ్చాడు. "పెద్దన్నా" అని పలకరించాను. అటే చూస్తూ వెళ్లిపోయాడు. నన్ను చూడలేదు గీతా. నా కొంగు పెద్దన్న చేతికి తగిలేంత దగ్గరగా నిలబడ్డాను, నన్ను చూడలేదు. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. భయంతో పాటు ఒక రకమైన సుఖం కూడా అనిపించింది, అదీ రాస్తున్నాను.

ఊరి చివర బోరింగు దగ్గర ఆయన ఆగి, కొట్టమన్నాడు. నేను కొడుతూనే ఉన్నాను, ఆయన దోసిలి పట్టి తాగుతూనే ఉన్నాడు. నా రెక్కలు పడిపోయాయి. ఉండబట్టలేక అడిగాను, "గింత దూప ఏంది నీకు" అని.

"రైలు దిగింది నీళ్లకే" అన్నాడు. "దొర్కలే. ఎండల శానా దూరం నడిసిన. ఎవ్వలియ్యలే. గప్పటిసంది తాగుతనే ఉన్న, గొంతు దాటుత లేదు."

"ఎవ్వలిస్తే దాటుతది" అన్నాను. ఆయన మన ఇంటి వైపు చూశాడు. మామ మాట గుర్తొచ్చింది. మామ ఇస్తానంటే నేనే అడ్డం పడ్డాను. ఆయన ఉన్నాడని నేను అంటున్నన్నాళ్లూ అట్లా దోసిలి పట్టుకునే ఉన్నాడు.

"మరి పెత్రమాసకు ముందుగాలనే పోదమంటివి ఎందుకు" అన్నాను.

"గా నీళ్లు తాగితే మళ్ల నీకాడికి రాను" అన్నాడు. "దూప ఉన్నా మంచిదే. నీ ఎదురుంగ కూసుంట గద."

చెప్పు గీతా, అట్లాంటి మాట అన్న మనిషిని ఏం చేయాలి. ఆయన వెంట పోతే ఇద్దరం దూపతో తిరుగుతాం. నాకు అది కూడా ఇష్టమే అయ్యేది. కానీ ఆయన పెదవులు చూశాను, పగిలి నల్లబడి ఉన్నాయి. మొగుడు అట్లా ఉంటే చూస్తూ కూర్చోవడానికి నేనెందుకు. మూట అక్కడే వదిలేసి వెనక్కి తిరిగాను. ఆయన పిలవలేదు. నా వెనకే వచ్చినట్టు తెలుస్తూనే ఉంది, తిరిగి చూస్తే మళ్లీ మనసు మారుతుందని చూడలేదు.

వాకిట్లో అయ్యగారు తాతల పేర్లు చదువుతున్నాడు, మామ చెంబుతో నీళ్లు విడుస్తున్నాడు. నన్ను చూసి చెయ్యి ఆపాడు. అత్త గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. నన్ను చూస్తున్నారని తెలిసి ఏడుపొచ్చింది. "మామా, చెంబు నాకియ్యి" అన్నాను. ఆడవాళ్లు ఇవ్వరని అయ్యగారు ఏదో అనబోయాడు. మామ ఇచ్చేశాడు. పేరు నువ్వే చెప్పు మామా అని అడిగాను. ఆయన నోరు తెరిచి చెప్పలేకపోయాడు, కొడుకు కదా.

ఇక ఎవరి ఆయుష్షు తగ్గుతుందని దాచుకోవాలి. నేనే చెప్పాను. శ్రవణ్ కుమార్ అని గట్టిగా చెప్పాను. పెళ్లైన తర్వాత ఆ పేరు నా నోట రావడం అదే మొదలు.

నువ్వు లాంతరు కాల్చాలా అని అడిగావు. కాల్చు. భయపడకు, నువ్వు చంపడం లేదు ఎవరినీ. మెట్టెలు తీశాను, అత్త నన్ను పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఈరోజు అన్నంలో ఉప్పు ఎక్కువైంది, నాకు తెలిసింది.

నీకు చెప్పాల్సింది ఇంకొక్కటే ఉంది. ఎండిపోయి నెర్రెలిచ్చిన వాకిలి మన వాకిలి. మామ విడిచిన నీళ్లు బురదయ్యి కాళ్లకు అంటుకున్నాయి. నేను చెంబు నిండా నీళ్లు ధారగా పోశాను. చివరి చుక్కదాకా పోశాను. అందరం చూశాం. నేను పోసిన చోట నేల తడవలేదు.

సుహాసిని